ఫారం లారీ నుంచి జారిపడ్డ లేయర్ (గుడ్ల) కోడి: బతికించి మా కోళ్ళల్లో కలపడం ఎలా?

కొబ్బరితోట (పశ్చిమ గోదావరి)
నవంబర్ 9, 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదువుకుని వెళ్ళిపోయేదాన్నే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పట్లేదు.

నిన్న సాయంత్రం సిద్ధాంతం దగ్గర గోదావరి వంతెన దాటాక హైవే అంచున ఒక తెల్ల కోడి పడి ఉంది. కాస్త ముందే పంజరాల లారీ ఒకటి వెళ్ళింది, అందులోంచే జారి ఉంటుంది. బండి ఆపి దగ్గరికెళ్ళినా కదల్లేదు. చున్నీలో చుట్టి ఇంటికి తెచ్చాను. మెడ మీదా వీపు మీదా ఈకల్లేవు. జుట్టు తెల్లగా పాలిపోయి పక్కకి వాలిపోయింది. పై ముక్కు సగం కత్తిరించి ఉంది, గోళ్ళు మాత్రం కొడవలిలా వంకర తిరిగాయి. వంటింటి కాటా మీద పెడితే 1 కేజీ 60 గ్రాములు. రొమ్ము ఎముక చేతికి కత్తి అంచులా తగులుతోంది.

మా పెరట్లో ఆరు నాటు పెట్టలు, ఒక డేగ (ఎర్ర ఈకల) పుంజు ఉన్నాయి. చీకట్లో గూట్లో పెట్టేస్తే తెల్లారేసరికి కలిసిపోతాయని ఎవరో చెప్పిన గుర్తు. అలాగే పెట్టాను. పొద్దున్న తలుపు తీస్తే మా కాకి పెట్ట (నల్లది) దాని తల మీద నించుని పొడుస్తోంది. పారిపోవాలని కూడా తెలియదు దానికి, మూలలో తల దాచుకుని అలాగే పడుంది. నెత్తి మీద రక్తం. ఆ దెబ్బ నా తెలివితక్కువతనమే.

ఇప్పుడు వరండాలో అట్టపెట్టెలో పెట్టాను. నూకలు వేస్తే పొడుస్తోంది గానీ నోట్లోకి ఒక్క గింజా వెళ్ళట్లేదు. గిన్నెలో నీళ్ళు పెడితే చూడను కూడా చూడట్లేదు. ఏం చెయ్యాలి?

---

పాత పశువైద్యుడు (రిటైర్డ్)
నవంబర్ 9, 2025, రాత్రి 10:15

అమ్మా, ముందు మందలించి తర్వాత మందు చెప్తాను. ఎక్కడిదో తెలియని కోడిని మొదటి రాత్రే మీ కోళ్ళతో కలపడం రెండు వైపులా ప్రమాదం. 2025 ఫిబ్రవరిలో మీ రెండు గోదావరి జిల్లాల్లో కూడా బర్డ్ ఫ్లూ వచ్చి ఫారాలకు ఫారాలు ఖాళీ చేయించారు కదా, ఏడాది కూడా కాలేదు. ఇకనుంచి కనీసం మూడు వారాలు దీన్ని విడిగా ఉంచండి. గిన్నెలు వేరు, దాని దగ్గరికి వెళ్ళే చెప్పులు వేరు. ముందు మీ కోళ్ళకి మేత వేసి, దీని పని చివర్లో చూసుకుని, సబ్బుతో చేతులు కడుక్కోండి. ఒక రాత్రి కలిసి ఉన్నాయి కాబట్టి మీ కోళ్ళనీ కనిపెట్టుకుని ఉండండి. వాటిలో ఏ ఒక్కటి ముడుచుకున్నా, ముఖం వాచినా, ఉన్నట్టుండి చచ్చిపోయినా పాతిపెట్టేసి ఊరుకోవద్దు, వెంటనే పశువుల ఆస్పత్రికి కబురు పెట్టండి.

ఈ రాత్రికి చెయ్యాల్సింది వెచ్చదనం, నీళ్ళు. అంతే. పెట్టెకి ఒక వైపున 60 వాట్ల బల్బు వేలాడదీయండి, రెండో వైపు చల్లగా ఉండనివ్వండి. ఏ పక్కన ఉండాలో అదే తేల్చుకుంటుంది. కింద పేపరు పరవకండి, కాళ్ళు జారిపోతాయి. ఊక పొయ్యండి. లీటరు నీళ్ళలో మనుషుల ఓఆర్ఎస్ ప్యాకెట్టు కలిపి, చుక్కచుక్కగా ముక్కు పక్కన తడపండి. నోరు తెరిచి గొంతులో పొయ్యొద్దు. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే రేపటికి ఉండదు.

నెత్తి మీద గాయం ఉప్పునీళ్ళతో తుడిచి పసుపు అద్దండి. రెట్ట ఏ రంగులో ఉందో, ముక్కూ కళ్ళూ కారుతున్నాయో లేదో, ఊపిరిలో గురగుర ఉందో లేదో పొద్దున్న రాయండి.

---

నాకెందుకులే
నవంబర్ 9, 2025, రాత్రి 10:31

ఏమనుకోకండి మేడం. సంతలో ఈ కోడికొచ్చే డబ్బులతో మందు సీసా మూత కూడా రాదు. కాలం తీరాకే లారీ ఎక్కిస్తారు వాటిని.

---

షెడ్డుబాబు (అనపర్తి)
నవంబర్ 10, 2025, ఉదయం 5:50

పన్నెండేళ్ళుగా లేయర్ షెడ్లలో పని చేస్తున్నా. ఈ కోడి సంగతి మీకంటే నాకే బాగా తెలుసు, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా.

అది గింజ తినలేకపోవడం జబ్బు కాదండి. పిల్లగా ఉన్నప్పుడే డీబీకింగ్ (ముక్కు కొన కత్తిరించడం) చేస్తాం, ఇరుకు పంజరాల్లో ఒకదాన్నొకటి పొడుచుకోకుండా. పై ముక్కు పొట్టిగా, కింది ముక్కు ముందుకొచ్చి ఉంటుంది కదా, చదునైన నేల మీద గింజ దానికి దొరకదు. లోతైన గిన్నెలో నాలుగు వేళ్ళ మందాన మేత పొయ్యండి. ముక్కు ముంచి పారతో ఎత్తినట్టు ఎత్తుకుంటుంది. షెడ్లో అది తిన్నది పొడి దాణా, గింజలు కాదు. లేయర్ మేష్ (గుడ్ల కోళ్ళ పొడి దాణా) దొరికితే గోరువెచ్చని నీళ్ళతో ఉప్మాలా కలిపి పెట్టండి.

ఇక నీళ్ళు. దానికి గిన్నె అంటే ఏంటో తెలియదు! పుట్టిన దగ్గర్నుంచీ నిపుల్ నుంచి తాగిన కోడి. తల పైకెత్తి సన్నటి పైపుకున్న పిన్ను పొడిస్తే చుక్క పడుతుంది. నీళ్ళు అంటే పైనుంచి వచ్చేవి అనే దాని లెక్క. కింద చెరువు పెట్టినా చూడదు. సూది తీసేసిన సిరంజి దాని తలకి కాస్త పైన పట్టుకుని చివర ఒక చుక్క వేలాడేలా చూడండి.

వయసు ఏడాదిన్నర పైనే ఉంటుంది. గుడ్లు తగ్గాక బ్యాచ్ మొత్తాన్ని ఒకేసారి ఎత్తేస్తారు. గోళ్ళు అలా పెరగడం నేల మీద గీరక. కాళ్ళు వణుకుతున్నాయేమో చూడండి. గుడ్డు పెంకు కోసం ఎముకల్లో సున్నం లాగేసుకుంటుంది, కాళ్ళు పట్టు తప్పుతాయి.

డ్యూటీకి టైం అయింది. మళ్ళీ వస్తా.

---

కొబ్బరితోట
నవంబర్ 10, 2025, ఉదయం 7:20

షెడ్డుబాబు గారూ, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు.

సిరంజి పైన పట్టుకున్నాను. చుక్క చివర మెరుస్తూ ఆగింది. అది ఒక కన్నుతో చూసింది, తల తిప్పి రెండో కన్నుతో చూసింది. ఒక్కసారి మెడ సాగదీసి టక్కున పొడిచింది. తర్వాత ఆగలేదు. ఇరవై మి.లీ. తాగేసింది. రాత్రంతా నీళ్ళ గిన్నె పక్కనే దాహంతో కూర్చుంది పాపం.

మా ఆయన ఊళ్ళో దాణా కొట్టుకి వెళ్ళారు. (నిన్న "కూరకి కూడా పనికిరాదు, దేనికిది" అన్న మనిషే.)

డాక్టరుగారూ, రెట్ట పల్చగా ఆకుపచ్చగా ఉంది. ముక్కు కారడం, గురగుర లేవు. కాళ్ళు వణుకుతున్నాయి.

---

పాత పశువైద్యుడు
నవంబర్ 10, 2025, ఉదయం 8:05

ఆకుపచ్చ అనగానే కొక్కెర తెగులని (రాణిఖేత్ జబ్బు) కంగారు పడొద్దు. కడుపులో ఏమీ లేకపోయినా పైత్యం దిగి అలాగే వస్తుంది. మేత పడ్డ రెండు రోజుల్లో రంగు మారాలి. మారకపోయినా, మెడ మెలితిరిగినా వెంటనే చెప్పండి. కాళ్ళకి ఆల్చిప్పల గుల్ల చిన్న మూకుట్లో విడిగా పెట్టండి, మేతలో కలపకండి. పొద్దుటి ఎండ అరగంట తగలనివ్వండి. ఎండ తగిలితే సున్నం ఒంటికి బాగా పడుతుంది.

---

సిద్దిపేట పోరడు
నవంబర్ 10, 2025, మధ్యాహ్నం 1:12

అక్కా, తోక కింద ఈకలు పక్కకి తీసి చూసినవా? చూడకుంటే ముందు గది చూడు. మా బాపు ఏ కోడి కొన్నా సంతలనే ఆ పని చేస్తడు. ఈకల మొదట్ల తెల్లగ, చక్కెర గడ్డ కట్టినట్టు కనబడితే అవి ఈపులు. పేలు గడ్డిరంగుల ఉరుకుతయి. బక్కకోడి రక్తం, ఈకలు అన్నీ వాటి పాలే. నువ్వు ఎంత తినవెట్టినా లాభం లేదు.

---

కొబ్బరితోట
నవంబర్ 10, 2025, సాయంత్రం 6:30

తమ్ముడూ, చూశాను. చూడకుండా ఉండాల్సిందనిపించింది. నా చేతి మీదకి కూడా పాకాయి.

---

గంగిరెద్దు (కర్నూలు)
నవంబర్ 10, 2025, రాత్రి 8:44

కోడి డల్‌గా ఉంటే మేమైతే టెట్రాసైక్లిన్ పొడి నీళ్ళలో కలిపేస్తాం. మూడు రోజుల్లో లేస్తుంది. పేలకి పత్తికి కొట్టే మందు కాస్త నీళ్ళలో కలిపి ముంచి తీస్తే సరి.

---

పాత పశువైద్యుడు
నవంబర్ 10, 2025, రాత్రి 9:02

గంగిరెద్దు గారూ, ఆ రెండో సలహా దయచేసి ఎవరికీ ఇవ్వకండి. పంట మందులో ముంచిన కోళ్ళు సాయంత్రానికి కాళ్ళు బారజాపి చచ్చిపోవడం నా సర్వీసులో లెక్కలేనన్నిసార్లు చూశాను. ఇంత నీరసంగా ఉన్నదాన్ని అసలు తడపనే కూడదు.

యాంటీబయాటిక్ కూడా వద్దు. ఈ కోడికి ఉన్నవి ఆకలి, దాహం, పేలు, భయం. టెట్రాసైక్లిన్ వీటిలో దేనికి మందు? పైగా అది సున్నంతో కలిసిపోతుంది, గుల్ల పెడుతూ అది ఇస్తే రెండూ దండగే.

అమ్మా, ఆస్పత్రిలో పేలకి చల్లే పౌడరు అడగండి. మెడ వెనక, రెక్కల కింద, తోక కింద చల్లాలి. కళ్ళలో, ముక్కులో పడకూడదు. పది రోజులకి మళ్ళీ చల్లాలి. మొదటిసారి పేలే చస్తాయి, ఈపులు ఆ తర్వాత పగులుతాయి.

---

కొబ్బరితోట
నవంబర్ 13, 2025, ఉదయం 6:10

బాగుందనుకుంటుండగానే మళ్ళీ టెన్షన్. నిన్నంతా బాగా తింది. మేష్ కంటే మెత్తటి నూకన్నం ఇష్టంగా తింటోందని మా అత్తగారు గిన్నెడు పెట్టారు. ఇవాళ పొద్దున్న చూస్తే మెడ కింద సంచి నిన్న రాత్రి ఎంత ఉందో అంతే ఉంది. నీళ్ళు నింపిన బెలూన్‌లా ఊగుతోంది. నోటి దగ్గర పుల్లటి వాసన. ఆస్పత్రికి తీసుకెళ్తే "కోడికా!" అని నవ్వారు. పౌడరు మాత్రం ఇచ్చారు.

---

పాత పశువైద్యుడు
నవంబర్ 13, 2025, ఉదయం 6:25

రాత్రి నిండుగా ఉన్న మేత సంచి తెల్లారేసరికి ఖాళీ అయిపోవాలి. రోజూ పొద్దున్నే, మేత పెట్టకముందు చేత్తో తడిమి చూడటం అలవాటు చేసుకోండి. కోడి ఆరోగ్యానికి అంతకంటే చవకైన పరీక్ష లేదు.

ఇది పులిసిపోయింది. నెలల తరబడి పొడి దాణా తిన్న కడుపుకి ఒక్కసారిగా గిన్నెడు అన్నం ఎక్కువ. ఇవాళ సాయంత్రం దాకా మేత ఆపండి, నీళ్ళు మాత్రం ఇవ్వండి. గంటకోసారి రెండు నిమిషాలు పైనుంచి కిందకి మెల్లగా నిమరండి. తలకిందులు చేసి కక్కించమని ఎవరైనా చెప్తారు, చెయ్యకండి. ఊపిరాడక చచ్చిపోతుంది. సాయంత్రం రెండు చెంచాల పల్చటి మేష్, అందులో అర చెంచా పెరుగు. రేపు పొద్దుటికీ తగ్గకపోతే 1962కి (పశువుల అంబులెన్స్ నంబరు) ఫోన్ చేసి అడగండి, లేదా నవ్వని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

అత్తగారికి నా నమస్కారాలు. ప్రేమ తప్పు కాదు, గిన్నె సైజే తప్పు.

---

కొబ్బరితోట
నవంబర్ 14, 2025, ఉదయం 6:00

ఖాళీ అయింది! మెత్తగా, చదునుగా ఉంది. రాత్రి పదకొండింటి దాకా మా అత్తగారే ఒళ్ళో పెట్టుకుని నిమిరారు.

దానికి "నూకాలు" అని పేరు పెట్టారు ఆవిడ. నూకన్నం తిని చావబోయింది కదా.

---

అవ్వ మనవడు (అనంతపురం)
నవంబర్ 14, 2025, ఉదయం 9:30

మా అవ్వ చెప్పమన్న మాట: కోడిని ఇంట్లోనే ఉంచితే మనిషికి మాలిమి అయి మందకి పరాయిదవుతుందంట. మిగతా కోళ్ళ కూతలు దానికి వినపడేచోట పెట్టమంటాంది. ఇంకా వెల్లుల్లి, మిరియాలు, తమలపాకు నూరి ఉండలు చేసి మింగించమంటాంది గానీ, డాక్టరుసారు తిడతారని నేనే ఆపినా.

---

పాత పశువైద్యుడు
నవంబర్ 14, 2025, ఉదయం 10:11

తిట్టనయ్యా. ఉండలు ఇంకో నెల తర్వాత చూద్దాం. ఆ మొదటి మాట మాత్రం నేను మర్చిపోయినది. వినపడేంత దూరం, ముక్కులు తగలనంత దూరం. వరండా సరిగ్గా సరిపోతుంది.

---

కొబ్బరితోట
నవంబర్ 25, 2025, రాత్రి 8:15

పదిహేడు రోజులు. 1 కేజీ 240. రెట్ట గట్టిపడింది, మీద తెల్లటి టోపీ కూడా ఉంది. (ఇలాంటి సంగతి ఇంత సంతోషంగా రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు.) రెండోసారి పౌడరు చల్లేశాం. మా ఆరు పెట్టలూ, పుంజూ బాగానే ఉన్నాయి.

మొన్న మొదటిసారి మట్టిలో దింపాను. ఒక కాలు పెట్టి, వెంటనే ఎత్తేసింది. వేడి పెనం మీద పెట్టినట్టు. మళ్ళీ పెట్టి, అలాగే ఒంటికాలి మీద రెండు నిమిషాలు నించుంది. అది ఇన్నాళ్ళూ తీగల మీదే బతికింది కదా. ఇవాళ గోళ్ళతో నేల గీరింది. గీరి, ఏమీ దొరక్క, నా వైపు చూసింది.

కానీ ఒక భయం. ఉన్న ఈకలు కూడా రాలిపోతున్నాయి. పెట్టె తెరిస్తే దిండు చింపినట్టుంది. ఎత్తుకుంటే అరుస్తోంది, ఇదివరకు అరిచేది కాదు.

---

షెడ్డుబాబు (అనపర్తి)
నవంబర్ 26, 2025, ఉదయం 5:45

భయం లేదండి, ఈకలు మార్చుకుంటోంది. షెడ్లో రోజుకి 16 గంటలు లైటు. గుడ్లు ఆగకుండా మేమే అలా ఉంచుతాం. మీ వరండాలో చలికాలపు పగలు పదకొండు గంటలే. వెలుతురు తగ్గేసరికి ఒళ్ళు "ఇక గుడ్లు చాలు, ఈకలు చూసుకో" అంటుంది. రెండు నెలలు గుడ్డు ఆశించకండి.

వీపు మీద ముళ్ళలా నల్లగా, నీలంగా పొడుచుకొస్తున్నాయా? కొత్త ఈకలవి. లోపల రక్తం ఉంటుంది, పట్టుకుంటే నొప్పి. అందుకే అరుపు. ఎత్తుకోవడం మానేయండి. ఈకంటే దాదాపు అంతా మాంసకృత్తే కాబట్టి, ఉడికించిన గుడ్డు సగం, చెదలు దొరికితే చెదలు, ఎండు చేప పొడి కొంచెం. ఎండు చేపలో ఉప్పుంటే కడిగి ఎండబెట్టాకే.

---

నాకెందుకులే
నవంబర్ 26, 2025, ఉదయం 11:20

కోడికి గుడ్డు పెడతారా? బాగుంది.

(1 కేజీ 240 అంటే సంక్రాంతికి కేజీన్నర అవుతుంది. ఊరికే అన్నా, తిట్టకండి.)

---

డాలస్ పెరడు
నవంబర్ 29, 2025

నేను టెక్సాస్ నుంచి. మాకు ఎనిమిది కోళ్ళు, అందులో మూడు ఇలా ఫారం నుంచి తెచ్చినవే. మూడు వారాలు అయిపోతున్నాయి కాబట్టి కలపడం గురించి చెప్తాను. మేము మొదటిసారి చేసిన తప్పుకి ఒక కోడి కన్ను పోయింది.

కోళ్ళల్లో ఎవరు ముందు, ఎవరు వెనక అనే వరస ఉంటుంది. మేత దగ్గర ఎవరు ముందు తినాలి, దండెం మీద ఎవరు ఏ చోట కూర్చోవాలి, అన్నీ దాన్ని బట్టే. కొత్తది వస్తే ఆ వరస మొత్తం మళ్ళీ తేల్చుకోవాలి, దానికే ఆ పొడుచుకోవడాలు. కాబట్టి ముందు చూపులు, తర్వాతే పరిచయాలు. పెరట్లో మీ కోళ్ళు తిరిగే చోటే నాలుగు గజాల జాలీ కట్టి నూకాలుని అందులో పెట్టండి. పగలంతా అక్కడ, రాత్రి వరండాకి. జాలీకి అటూ ఇటూ దగ్గరదగ్గరగా మేత పొయ్యండి. పక్కపక్కనే తినడం అలవాటవ్వాలి. రెండు వారాలు పడుతుంది, తొందరపడొద్దు.

మందలో మెత్తటి కోడి ఏదో మీకు తెలిసే ఉంటుంది. దాన్ని ముందు జాలీలోకి పంపండి. నూకాలుకి ఒక్క తోడు ఉంటే మిగతావాటికి అది ఒంటరి కోడి కాదు.

---

సిద్దిపేట పోరడు
నవంబర్ 29, 2025, రాత్రి 9:50

గింత లొల్లి అవసరమా? మా దగ్గర కొత్త కోడిని ఇడిసిపెడ్తం. రెండు రోజులు కొట్టుకుంటయి, మూడో రోజు అన్నీ ఒక్కటే. మనం నడుమల పోతేనే లొల్లి ఎక్కువైతది.

---

పాత పశువైద్యుడు
నవంబర్ 30, 2025, ఉదయం 7:00

మీ దగ్గర కొత్తది కూడా నాటు కోడే తమ్ముడూ. దానికి ముక్కు ఉంది, పరిగెత్తడం తెలుసు, చెట్టెక్కడం తెలుసు. పొడిస్తే తల వంచి పక్కకి తప్పుకుంటే దెబ్బ ఆగుతుందని తెలుసు. నూకాలు పెరిగిన చోట తప్పుకోడానికి జాగా లేదు. తప్పుకోకపోతే అవతలి కోడి దాన్ని ఎదిరించడంగానే తీసుకుంటుంది. మొదటి రోజు జరిగింది అదే.

అమ్మా, 1 కేజీ 400 దాటి, నెత్తి పుండు పూర్తిగా మానాకే జాలీ తియ్యండి. ఎర్రగా ఒక్క చుక్క కనబడినా కోళ్ళన్నీ అక్కడికే వస్తాయి. ఎప్పుడైనా చిన్న గాయమైతే జెన్షన్ వయోలెట్ (ఊదారంగు మందు) రాయండి, ఎరుపు కనబడదు.

---

కొబ్బరితోట
డిసెంబర్ 14, 2025, రాత్రి 7:30

ఇవాళ ఆదివారం, ఇంట్లో అందరం ఉన్నాం, జాలీ తీసేశాం. నూకాలు 1 కేజీ 430. రాసుకోకపోతే మర్చిపోతాను, వరసగా రాస్తాను.

వారం ముందు మైల (కలగలుపు రంగు) పెట్టని జాలీలోకి పంపాను. అది మా మందలో ఆఖరిది, ఎవరు పొడిచినా ఊరుకునే రకం. మొదటి రోజు నూకాలుని రెండు పోట్లు పొడిచి, నేను కూడా ఒకరిని పొడవగలనని తెలిసి ఆశ్చర్యపోయినట్టు నించుంది. మూడో రోజుకి రెండూ ఒకే గుంటలో బూడిదలో పొర్లుతున్నాయి. పొర్లడం నూకాలుకి తెలియదు. మైల పెట్ట పక్కకి పడుకుని, రెక్క విప్పి, కాలితో బూడిద వీపు మీదకి ఎగజిమ్ముతుంటే చూసి, చూసి, తనూ పక్కకి వాలింది. వాలి ఎటూ లేవలేక కాసేపు కొట్టుకుంది. మరుసటి రోజు మాత్రం ఒళ్ళంతా బూడిద, కళ్ళు మూసుకుని సగం చచ్చినట్టు పడుంటే నేనే భయపడి పరిగెత్తాను. హాయిగా ఉందంట!

జాలీ తీసే ముందు చేసిన పని: నిన్నటి నుంచే కాకి పెట్టని గంప కింద మూసేశాను. ఇది ఇక్కడే పాత చర్చలో ఎవరో చెప్పగా చదివాను. కొత్తదాన్ని కాదు, పెత్తనం చేసేదాన్ని విడిగా పెట్టమని. మేత మూడు చోట్ల పెట్టాం. అరటి చెట్టు పక్కన పాత తలుపు ఒకటి ఏటవాలుగా ఆనించాం, కనబడకుండా వెనక్కి తప్పుకోడానికి.

మొదటి పావుగంట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత డేగ పెట్టలు రెండూ వచ్చాయి. ఒకటి మెడ ఈకలు నిక్కబొడిచింది. నూకాలు నించునే ఉంది, నా గుండె ఆగింది. పొడిచింది. అప్పుడు నూకాలు తల వంచి, పక్కకి జరిగి, తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. మైల పెట్టని చూసి నేర్చుకుందో ఏమో. అంతే, అక్కడితో అయిపోయింది. పుంజు మధ్యలోకి వచ్చి కొక్కొక్కొ అంటూ ఏదో గింజ చూపించి అందరినీ తన చుట్టూ తిప్పుకున్నాడు. నూకాలు ఆ గింజ దగ్గరికి ఆఖర్న వెళ్ళింది గానీ వెళ్ళింది.

రాత్రికి దండెం ఎక్కలేకపోయింది. జానెడు ఎత్తులో ఇంకో కర్ర కట్టాం.

---

డాలస్ పెరడు
డిసెంబర్ 14, 2025

ఆ తలుపు ఐడియా నాకు రాలేదు ఇన్నేళ్ళలో. కాకి పెట్టని నాలుగు రోజులైనా ఆపండి. తిరిగొచ్చేసరికి తనే కొత్తదైపోతుంది.

---

కొబ్బరితోట
డిసెంబర్ 20, 2025, సాయంత్రం 5:45

అయిదు రోజులు ఆపి మొన్న వదిలాను. కాకి పెట్ట తిరిగొచ్చేసరికి డేగ పెట్టలతోనే దానికి గొడవ. మొదటి చోటు మళ్ళీ సంపాదించుకునే పనిలో నూకాలుని చూడ్డానికి తీరిక లేదు. నిన్న మేత దగ్గర ఒక్క పోటు పొడిచింది. నూకాలు తప్పుకుంది. నెత్తి మీద రక్తం లేదు.

---

కొబ్బరితోట
జనవరి 18, 2026, ఉదయం 9:10

పండగ హడావుడిలో ఇటు రాలేదు. నాకెందుకులే గారూ, నూకాలు పండగ దాటింది. మా మరిది "ఈ తెల్లది ఎవరిది, బాగా బలిసింది" అన్నాడు, మా అత్తగారు ఆయనకి కూర వడ్డించడం ఆపేశారు. 1 కేజీ 560. జుట్టు ఎర్రబడింది. ఈకలు ఎంత తెల్లగా వచ్చాయంటే పెరట్లో ఎక్కడున్నా ముందు అదే కనబడుతుంది. గద్దకీ అంతే కనబడుతుందని ఇప్పుడు కొత్త భయం.

నిన్న మొదటి గుడ్డు. కానీ పెంకు లేదు, తోలుగుడ్డు. చేత్తో పట్టుకుంటే వణికింది.

---

పాత పశువైద్యుడు
జనవరి 18, 2026, ఉదయం 10:00

మళ్ళీ మొదలైనప్పుడు ఒకటి రెండు అలా రావచ్చు. గుల్ల మూకుడు నింపి ఉంచండి. వరసగా తోలుగుడ్లే వచ్చినా, రోజంతా గూట్లో పెంగ్విన్‌లా నిటారుగా నించున్నా చూపించాలి. గుడ్డు లోపల అడ్డుపడ్డా, కడుపులో పగిలినా అలాగే నించుంటుంది.

ఒక మాట ముందే చెప్తున్నాను. ఈ జాతిని గుడ్ల కోసమే తయారుచేశారు. గుడ్డు సంచి జబ్బులు వీటికి ఎక్కువ. మీరు అన్నీ సరిగ్గా చేసినా ఏడాదికో రెండేళ్ళకో పోవచ్చు. అప్పుడు ఇక్కడికొచ్చి నేనేం తప్పు చేశానని అడగకూడదు.

---

కొబ్బరితోట
జనవరి 18, 2026, ఉదయం 10:20

అడగను డాక్టరుగారూ. 

ఇవాళ ఇంకోటి వచ్చింది. పెంకుతో. మీద గరుకుగా చుక్కలు చుక్కలుగా ఉంది గానీ పెంకే.

---

నాకెందుకులే
జనవరి 18, 2026, మధ్యాహ్నం 12:40

ఫొటో పెట్టండి. కోడిది. గుడ్డుది వద్దు.

---

కొబ్బరితోట
జనవరి 23, 2026, రాత్రి 8:30

ఫొటో పెట్టాను, మైల పెట్ట పక్కనున్నదే నూకాలు.

ఒక చిన్న ప్రశ్న. ఆదివారం మా కోళ్ళన్నిటికీ లసోటా (కొక్కెర తెగులు టీకా) వేయిద్దామనుకుంటున్నాం. సీసాలో వంద డోసులున్నాయి, మాకు కావాల్సింది ఎనిమిది. మిగిలింది ఫ్రిజ్‌లో దాచుకోవచ్చా?

---

పాత పశువైద్యుడు
జనవరి 23, 2026, రాత్రి 8:41

కుదరదు. కలిపాక ఒకటి రెండు గంటల్లో వాడెయ్యాలి, ఆ తర్వాత అది వట్టి నీళ్ళే. ఐసు ఫ్లాస్కులో తెచ్చుకోండి. ఒక్కో కోడికి కంట్లో ఒక్క చుక్క. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వెయ్యండి. ఆ రోజుకి నీరసంగా ఉన్న కోడి ఏదైనా ఉంటే దానికి వద్దు. వీధిలో ఇంకెవరికైనా కోళ్ళుంటే ముందే చెప్పి ఉంచండి, కానీ అన్నిటినీ మీ పెరట్లో పోగుచెయ్యకండి. మీరే ఫ్లాస్కు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళండి.

---

కొబ్బరితోట
జనవరి 23, 2026, రాత్రి 9:05

మా అత్తగారు అప్పుడే లెక్క రాసేశారు. తొమ్మిదిళ్ళు, అరవై మూడు కోళ్ళు. ఆదివారం ఆరింటికి మొదటి ఇల్లు మాదే. ముందు నూకాలుని పట్టుకోవాలట, ఎందుకంటే ఈ మధ్య పరిగెత్తడం నేర్చుకుంది.